‘ఆన్ ది బీచ్’ నవల: లోకం పోతుంటే తోటపనేంటి?

అటకమీది పుస్తకం:
నిన్న రాత్రి నెవిల్ షూట్ ‘ఆన్ ది బీచ్’ (1957) పూర్తిచేశాను. చదవనివాళ్లకి కథ రెండు ముక్కల్లో: అణుయుద్ధంతో ఉత్తరార్ధగోళం తుడిచిపెట్టుకుపోయింది. కోబాల్ట్ బాంబుల రేడియేషన్ ధూళి గాలితోపాటు దక్షిణానికి దిగుతోంది. మెల్‌బోర్న్ జనానికి ఇంకొన్ని నెలలే టైముంది. ముగింపు కూడా మాట్లాడుకుంటాం, ముందే చెప్తున్నా.

నా గొడవ ఒక్కటే. ఇంతమంది చావబోతుంటే ఒక్కరూ గట్టిగా అరవరు. లూటీలు లేవు. మేరీ వచ్చే వసంతంలో పూస్తాయని డాఫడిల్ దుంపలు నాటిస్తుంది. ఆమె భర్త పీటర్ గడ్డి కోసే మిషన్ కొనుక్కొస్తాడు. అందరూ పోయేలోపు చేపలు పట్టుకోవాలి కాబట్టి ట్రౌట్ సీజన్ ముందుకు జరుపుతారు! మనుషులు ఇలా ఉంటారా? మర్యాద చెడకుండా చంపడానికి రచయిత మనిషి స్వభావాన్నే మార్చేశాడనిపించింది.

చూపుడువేలు:
చివర్లో వీధుల్లో తాగి పడిపోయేవాళ్లు కనిపిస్తారు, మీరు వదిలేశారు. అది సరే. మా నాన్నకి మూడు నెలలే అని డాక్టర్ చెప్పిన వారంలోనే ఆయన వెళ్లి కళ్లజోడు పవర్ మార్పించుకున్నారు. కొత్త ఫ్రేము ముక్కు మీద జారుతోందని నన్ను రెండుసార్లు షాపుకి తిప్పారు. నాకు కోపమొచ్చింది కూడా. మేరీ తోట గురించి చదువుతుంటే ఆ ఫ్రేమే గుర్తొచ్చింది. ఈ నవలలో నాకు అంతకంటే నిజమైన చోటు లేదు.

అటకమీది పుస్తకం:
మీ మాట కాదనలేను. కానీ ఒక తేడా ఉందండీ. నాన్నగారి తర్వాత మీరున్నారు, ఆ షాపుంది, వీధి ఉంది. మనం పోయినా ఇవన్నీ ఉంటాయన్న ధీమాతోనే కదా మనిషి నెమ్మదిగా పోగలిగేది. ఇక్కడ మేరీ చంటిపిల్లకి కూడా ప్రాణం తీసే ఇంజెక్షన్ రెడీ. ఆ దుంపలు పూసేసరికి చూసేవాళ్లే ఉండరు. అప్పుడూ అదే నెమ్మదా?

గామా:
నా అభ్యంతరం వేరు. షూట్ స్వయంగా ఇంజనీరు, ఆర్-100 ఎయిర్‌షిప్ మీద పనిచేసినవాడు. అలాంటివాడి కథలో నేలకింద దాక్కోడానికి పార పట్టుకుని గొయ్యి తవ్వే పాత్ర ఒక్కటీ లేదేంటి? ఆ ధూళిలోని కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే రేడియేషన్ సగానికి తగ్గే కాలం, దాదాపు 5.3 ఏళ్లు. వెయ్యోవంతుకి తగ్గాలంటే 53 ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు నేలకింద బతకడం కష్టమే, ఒప్పుకుంటా. ప్రయత్నించి ఓడిపోయినా బాగుండేది. పైగా రెండు అర్ధగోళాల గాలి బాగా కలవడానికి ఏడాది దాకా పడుతుంది, ఈలోపు వానలకి చాలా ధూళి నేలకి దిగిపోతుంది. కథకోసం సైన్సుని కాస్త వంచాడనే నా లెక్క.

నిద్రపట్టనిది:
గామా గారూ, ప్రయత్నం లేదనకండి. ఉత్తరాన రేడియేషన్ తగ్గుతోందేమో చూడ్డానికి కూడా కదా సబ్‌మెరైన్‌ని పంపింది. సియాటిల్ వైపు నుంచి అర్థంలేని రేడియో సిగ్నల్ వస్తోంది, ఎవరైనా బతికున్నారేమోనని ఆశ. తీరా రేడియేషన్ సూట్ తొడుక్కుని వెళ్లిన ఆఫీసర్‌కి కనిపించింది ఊడిపోయిన కిటికీ చట్రం, ఓ సీసా. గాలి వీచినప్పుడల్లా చట్రం ఊగి ట్రాన్స్‌మిటర్ మీటని నొక్కుతోంది. అంతే. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, లేచి మంచినీళ్లు తాగొచ్చాను. ఆ ఆఫీసర్ పనయ్యాక అక్కడే కూర్చుని, పాత పత్రికల్లో తను చదవలేకపోయిన సీరియల్ తరువాయి భాగాలు చదువుకుంటాడు! నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

అటక గారూ, మీకు అరుపే కావాలంటే కార్ల రేసు మళ్లీ చదవండి.

అటకమీది పుస్తకం:
చదివాను. కార్లు గుద్దుకుంటున్నాయి, డ్రైవర్లు చస్తున్నారు, రేసు మాత్రం నడుస్తూనే ఉంది. ఇంట్లో అరవలేనివాళ్లంతా అక్కడ స్టీరింగ్ పట్టుకున్నట్టున్నారు. మొదటిసారి ఏదో వినోదం కోసం పెట్టాడనుకుని గబగబా తిప్పేశాను. ఎవరూ అరవరన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

మేరీ దగ్గర మాత్రం ఇంకా ఒప్పుకోను. పాపకి నువ్వే ఇవ్వాల్సి రావచ్చని పీటర్ చెప్పినప్పుడు ఆమె మొగుడి మీద విరుచుకుపడుతుంది. ఆ సీన్లో మనిషిలా ఉంది. తర్వాత రచయిత ఆమెని తోటలోకి పంపి తలుపేసేశాడు. సబ్‌మెరైన్ కెప్టెన్ డ్వైట్ ఎప్పుడో చనిపోయిన కూతురి కోసం పోగో స్టిక్ (పిల్లలు ఎక్కి గెంతే స్ప్రింగు కర్ర) వెతుక్కుంటూ తిరిగితే నమ్మాను. ఎందుకంటే అతనికి లోపల తెలుసు. మేరీకి తెలుసో లేదో నాకు చాలాసేపు అర్థం కాలేదు.

చూపుడువేలు:
మా నాన్న సంగతీ అంతేనండీ. మూడు నెలలని డాక్టర్ చెప్పింది మాకు, ఆయనకి కాదు. మేమూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.