తోటి ఉద్యోగి యాసను ఎగతాళి చేస్తుంటే ఎలా అడ్డుకోవాలి?

మా టీంలో కొత్తగా చేరినాయన యాసను మిగతావాళ్లు రోజూ అనుకరించి నవ్వుతుంటారు. ఆయనా నవ్వేస్తాడు గానీ, ఈ మధ్య మీటింగుల్లో నోరు విప్పడం మానేశాడు. ఇంకో సంగతి, నాదీ దాదాపు అదే యాస. ఉద్యోగంలో చేరినప్పుడే మార్చేసుకున్నాను, ఇక్కడెవరికీ తెలీదు.

1968లో డార్లీ, లటనే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, చుట్టూ జనం ఎక్కువ ఉన్నారనుకునేకొద్దీ మనుషులు సాయానికి కదలడం తగ్గింది. ఇంకెవరో చూసుకుంటార్లే అనే ధీమా. మా దగ్గరా అంతే. అందుకే నేనే మాట్లాడదామనుకుంటున్నా. ఎలా అన్నదే తేలడం లేదు.

అందరి ముందూ అడ్డుకుంటే ఆయన్ని ఇంకా చిన్నబుచ్చినట్టవుతుందా? ముందు ఆయన్నే పక్కకు పిలిచి అడగాలా? ఎగతాళి మొదలెట్టేది మా టీం లీడరే (అదే అసలు చిక్కు). నాదీ అదే యాస అని బయటపెడితే మాటకు బలమొస్తుందా, లేక నా సొంత గొడవ కింద కొట్టిపారేస్తారా?

ఆయన పరిస్థితిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే, పక్కవాళ్లు ఏం చేస్తే మీకు ఊరటనిపించిందో చెప్పండి. "పట్టించుకోకు" అని మాత్రం అనకండి, ఆ సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడే బోలెడుమంది ఉన్నారు.