బర్త్ సర్టిఫికెట్‌లో 1852, జనగణనలో 1854: దేన్ని నమ్మాలి?

లాలాగూడ మనవరాలు: మా అమ్మమ్మ వాళ్ల తాతగారు లీడ్స్‌లో పుట్టి, రైల్వే ఫిట్టర్‌గా సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డారు. ఇంగ్లాండు నుంచి తెప్పించిన సర్టిఫికెట్‌లో పుట్టింది 1852 మార్చి అని ఉంది. తండ్రి పేరు, కమ్మరి పని, వీధి అన్నీ కలిశాయి. జనగణనలో మాత్రం 1861లో 7 ఏళ్లు, 1871లో 17, 1881లో 27. వంశవృక్షంలో ఏది రాయమంటారు?

పాత దస్త్రం: సర్టిఫికెటే రాయండి. జనగణన వయసులు కాకి లెక్కలు. 1841లో పెద్దవాళ్ల వయసు ఐదు గుణిజానికి దించి రాసుకోమన్నారు, 34 ఉంటే 30 అన్నమాట. 1901 దాకా మనకు మిగిలింది కూడా ఇంటివాళ్లు నింపిన కాగితం కాదు, ఎన్యూమరేటర్ ఎక్కించుకున్న నకలు.

గోదారి గట్టు: 1841 గొడవ ఇక్కడెందుకండీ, అప్పటికి ఆయన పుట్టనే లేదు! మూడుసార్లూ లెక్క ఒకేలా వచ్చింది. కాకి లెక్కయితే అటూ ఇటూ ఊగదా? సర్టిఫికెట్లలోనూ అబద్ధాలున్నాయి. పుట్టిన 42 రోజులు దాటాక నమోదు చేయిస్తే ఫీజు కట్టాలని, అసలు తేదీ కంటే తర్వాత పుట్టినట్టు చెప్పినవాళ్లున్నారు.

పాత దస్త్రం: ఆ అబద్ధంతో వచ్చే తేడా వారాల్లోనే ఉంటుంది సార్, రెండేళ్లు జరగదు. పైగా వయసు తగ్గించి చెప్పే అలవాటున్న ఇంట్లో మూడుసార్లేం, ముప్ఫైసార్లయినా ఒకేలా చెబుతారు.

సూరమ్మ కొడుకు: అసలు ఆ సర్టిఫికెట్ ఆయనదేనా? మన దగ్గర బిడ్డలు దక్కకపోతే పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవాళ్లు. అక్కడ చాలా ఇళ్లలో పోయిన బిడ్డ పేరే తర్వాతివాడికి పెట్టేవాళ్లు. మీది అన్నగారి సర్టిఫికెట్ కావచ్చు. తమ్ముడి పుట్టుక నమోదే కాకపోయి ఉండొచ్చు, ఎందుకంటే 1875 దాకా నమోదు చేయించకపోయినా తల్లిదండ్రులకు జరిమానా లేదు. 1852–54 మరణాల సూచిక చూడండి, ఆన్‌లైన్‌లో వయసు కూడా ఇస్తారు. చర్చి బాప్టిజం రిజిస్టర్ కూడా వదలొద్దు.

లాలాగూడ మనవరాలు: చూశానండీ, ఒళ్లు జలదరించింది. 1853 మొదటి త్రైమాసికం, లీడ్స్, అదే పేరు, వయసు 0.

పాత దస్త్రం: ఆ పేరు లీడ్స్‌లో వీధికొకరికి ఉంటుంది. డెత్ సర్టిఫికెట్ తెప్పించండి. పసిపిల్లలకైతే వృత్తి గడిలో తండ్రి పేరు, పని రాస్తారు. కమ్మరి అని వస్తే నేను ఒప్పుకుంటా. అప్పటిదాకా నాది 1852కే ఓటు.