శనివారం ఫ్రెంచ్ చిత్రకారుడు బూదాఁ మీద పిల్లల చిత్రకళా కార్యక్రమం – హాల్ ఇవ్వం అంటున్నారు, వెంటనే చూడండి

కార్యదర్శి: హాల్ వాళ్ల మెయిల్ ఇప్పుడే వచ్చింది. నేల పాడవుతుందని పిల్లల పెయింటింగ్‌కి ఒప్పుకోరట. అడ్వాన్స్ కూడా తిరిగి ఇవ్వరట. కార్యక్రమం ఎల్లుండే. ప్రొజెక్టర్, స్లైడ్లు, క్విజ్, బహుమతులు అన్నీ సిద్ధం. ఇప్పుడేం చేద్దాం?

కోశాధికారి: ఇంకో హాల్‌కి డబ్బు లేదు. రంగులు వాడతామని వాళ్లకి ముందే చెప్పాలి కదక్కా? ప్రతిసారీ చివర్లో ఈ టెన్షనేంటి?

కార్యదర్శి: బుకింగ్ ఫారంలో స్పష్టంగా రాశాను, కాపీ పెడుతున్నాను. ఆఫీసు నుంచి వచ్చి రోజూ ఇదే పని చేస్తున్నా. నా మీద నమ్మకం లేకపోతే ఈ బాధ్యత ఇంకెవరైనా తీసుకోండి.

అధ్యక్షులు: అమ్మా, బాబూ, ఆగండి ఇద్దరూ. ముందు పిల్లల సంగతి చూద్దాం.

క్విజ్ బృందం: ప్రశ్నలు ప్రింట్ తీయనా?

ప్రసంగం చేసేవారు: బాబాయ్ గారూ, మన లె హావ్ర్ (ఫ్రాన్స్ ఓడరేవు) బీచ్‌కే వెళ్దాం. యూజెన్ బూదాఁ 1824లో పుట్టింది ఎదురుగా ఉన్న ఓన్ఫ్లూర్‌లో, నావికుడి ఇంట్లో. పెరిగింది మన ఊళ్లోనే. కాగితాలు, ఫ్రేములు అమ్మే దుకాణం నడుపుతూ బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1851లో ఈ ఊరే స్కాలర్‌షిప్ ఇచ్చి పారిస్ పంపింది. కానీ ఆయనకి నచ్చింది ఆరుబయట, ఆకాశం కింద కూర్చుని వేయడమే. తర్వాత గొప్ప చిత్రకారుడైన మోనే, కుర్రాడిగా ఇక్కడ వ్యంగ్య చిత్రాలు గీసి అమ్ముకుంటుంటే, బలవంతపెట్టి బయటికి తీసుకెళ్లింది ఈయనే. తన కళ్లు తెరిపించింది బూదాఁ అని మోనే చివరిదాకా చెప్పుకున్నాడు. అలాంటి మనిషి గురించి నాలుగు గోడల మధ్య స్లైడ్లు చూపించడం నాకు మొదటినుంచీ వెలితిగానే ఉంది.

తల్లిదండ్రుల తరఫున: చిన్నపిల్లలు, గాలి, రంగునీళ్లు... కష్టం కదండీ?

ప్రసంగం చేసేవారు: నీళ్ల రంగులొద్దు, పాస్టెల్స్ (సుద్దముక్కల్లాంటి పొడి రంగులు) చాలు. బూదాఁ ఎన్నో మేఘాల్ని వాటితో వేశాడు. ఏ తేదీ, ఏ వేళ, గాలి ఎటునుంచి అన్నది కూడా బొమ్మ మీద రాసుకునేవాడు. 1859లో కవి బోద్లేర్ ఆ బొమ్మల్ని చూసి అబ్బురపడి రాశాడు. మన పిల్లలతో కూడా అలాగే తేదీ, వేళ, గాలి రాయిద్దాం. వాన పడితే ఆండ్రే మాల్రో మ్యూజియానికి వెళ్దాం. బూదాఁ పోయాక స్టూడియోలో మిగిలిన బొమ్మల్ని సోదరుడు 1900లో ఊరికిచ్చాడు, అవి అక్కడున్నాయి.

అధ్యక్షులు: బాగుంది. ట్రామ్ చివరి స్టాప్ బీచ్ దగ్గరే. అక్కడ కలుద్దాం. ఒక్కో పెద్దవాళ్లకి నలుగురు పిల్లలు, నీళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

కోశాధికారి: పాస్టెల్స్, అట్టలు, క్లిప్పులు రేపు నేనే కొంటాను. అక్కా, ఫారం కాపీ చూశాను. అడ్వాన్స్ గురించి ఆ హాల్ వాళ్లతో నేను మాట్లాడతాను, మీరు వదిలేయండి.

కార్యదర్శి: సరే తమ్ముడూ. తల్లిదండ్రులందరికీ ఇప్పుడే మెసేజ్ పెడుతున్నా. పిల్లలకి జాకెట్లు తప్పనిసరి.

వంట బృందం: గాలికి పేపర్ ప్లేట్లు ఆగవు. పులిహోర, పెరుగన్నం ఎవరి డబ్బా వాళ్లకి సర్దేస్తాం. సాంబార్ మానేస్తున్నాం.