"విశ్రాంతిదినమున నడవదగినంత": ఇది ఎంత దూరం?

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం 12వ వచనంలో ఒలీవల కొండ యెరూషలేముకు "విశ్రాంతిదినమున నడవదగినంత సమీపమున" ఉందని వస్తుంది. విశ్రాంతిదినం అంటే యూదులు పని మానే ఏడవ రోజు, శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా. ఇది ఒక రోజంతా నడిస్తే వచ్చే దూరమా అని పోయిన వారం గ్రూపులో ఒక మేడమ్ అడిగారు. కింద చాలామంది అవుననే రాశారు, ఒకరైతే పాతిక ముప్పై కిలోమీటర్లని లెక్క కూడా కట్టారు. కాదండీ. రోజంతా నడిచే దూరానికి అదే బైబిల్లో వేరే మాట ఉంది: పన్నెండేళ్ళ యేసు కనబడక తల్లిదండ్రులు వెదికే చోట లూకా సువార్తలో "ఒక దినప్రయాణము" అన్నారు. ఇక్కడి దూరం కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ, అంతే. ఒలీవల కొండ ఊరికి ఎదురుగానే ఉంటుంది, మధ్యలో కిద్రోను లోయ దిగి ఎక్కాలి.

"నడవదగినంత"ను విడదీస్తే నడవ, తగిన, అంత. ఈ మాట బలమంతా "తగు" దగ్గరుంది. "నడవగలిగినంత" అని ఉంటే అది కాళ్ళ సత్తువకు సంబంధించిన సంగతి, కుర్రాడికి ఒక దూరం, ముసలాయనకు ఇంకో దూరం. "తగు" అన్నప్పుడు అది ఒప్పుకు సంబంధించినది: తగిన సంబంధం, తగని మాట, నీకిది తగునా అంటామే, ఆ తగు. కాళ్ళలో ఇంకా బలం ఉన్నా ఈ రోజుకి ఇక్కడిదాకే అని ఆగే దూరం. గ్రీకులో ఉన్నది "విశ్రాంతిదినపు దారి" అన్నంత పొట్టి మాట, నియమం సంగతి అందులో పైకి కనబడదు, చదివేవాళ్ళకు ముందే తెలిసి ఉండాలి. తెలుగు చేసినవారు దాన్ని ఒక్క "దగి"లో పైకి తెచ్చారు. నాకు ఇది గొప్ప అనువాదం అనిపిస్తుంది. ఎమ్మాయు గ్రామం దగ్గర వాళ్ళే గ్రీకులోని అరవై స్టేడియాలను (అది వాళ్ళ దూరపు కొలత) హాయిగా మన "ఆమడ దూరము" చేసేశారు, ఇక్కడ మాత్రం కూతవేటు అనో రాతివేత అనో మార్చకుండా విశ్రాంతిదినాన్ని అలాగే ఉంచారు, ఎందుకంటే మారిస్తే దూరం మిగులుతుంది కానీ నియమం పోతుంది.

నియమం ఎక్కడిది అంటే, నిర్గమకాండము 16లో, ఎడారిలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను ఏరుకునే కథలో, ఏడవ దినమున ఎవడును తన చోటనుండి బయలు వెళ్లకూడదు అని ఉంది. "తన చోటు" అంటే ఎంత? ఇల్లా, వీధా, ఊరా? దీన్ని యూదు పండితులు బాగా తరచి చూశారు, చివరికి ఊరి అంచు నుంచి 2000 మూరలు అని తేల్చారు. (మూర అంటే అచ్చంగా మన మూరే, మోచేతి నుంచి వేలి కొస దాకా, పూలు కొలిచేది.) సంఖ్యాకాండము 35లో లేవీయుల ఊళ్ళ చుట్టూ వదలాల్సిన పొలిమేర కూడా 2000 మూరలే. లెక్క మొదలయ్యేది ఇంటి గడప నుంచి కాదు, ఊరి చివరి ఇంటి నుంచి. ఊరి లోపల ఎంతైనా తిరగొచ్చు.

ఇక నిఘంటువుల్లో దొరకని సంగతికి వస్తాను, నిజానికి దానికోసమే ఇంత పొడుగు రాస్తున్నాను. నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో, మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. పక్కనే హైలాండ్ పార్క్, అక్కడ నిష్ఠగా ఉండే యూదు కుటుంబాలు చాలా. వాళ్ళు విశ్రాంతిదినాన బండి తోలరు, ఎక్కరు. ఊళ్ళు కలిసిపోయిన ఈ ప్రాంతంలో 2000 మూరల హద్దు దాకా వెళ్ళే పని ఎవరికీ పడదు, కానీ కారు లేనప్పుడు సమాజమందిరానికి, అంటే వాళ్ళ ప్రార్థనాలయానికి, నడిచే వెళ్ళాలి కదా, చంకన పిల్లలతో, మంచులో, వానలో. అందుకని ఇల్లు కొనేటప్పుడు వాళ్ళు మొదట చూసేది అదే, మందిరానికి నడిచి వెళ్ళగలమా అని. ఒక మందిరం చుట్టూ అందరూ నాలుగైదు వీధుల్లోనే సర్దుకుంటారు. వారంలో ఒక్క రోజు నియమం మిగతా ఆరు రోజుల ఇరుగుపొరుగును కూడా తయారు చేసింది. అమెరికాలో మనం గుడికి ముప్పై మైళ్ళు తోలుకెళ్ళి, ప్రసాదం తిని, పార్కింగ్‌లోంచే విడిపోతాం. ఆ తేడా నన్ను చాలా ఆలోచనలో పడేసింది.

శుక్రవారం మధ్యాహ్నం నుంచే కదలిక మొదలవుతుంది. సువార్తల్లో "సిద్ధపరచు దినము" అని వచ్చేది ఇదే. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇంట్లో దీపాలు వెలిగించాలి, కాబట్టి మూడింటికల్లా మా ఆఫీసులో యూదు ఉద్యోగుల కుర్చీలు ఖాళీ. వెలిగించిన తర్వాత కొత్తగా నిప్పు రాజెయ్యడం, స్విచ్ వెయ్యడం ఉండవు. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇంటికి శుక్రవారం భోజనానికి వెళ్ళాను: లైట్లకు టైమర్లు, ఫ్రిజ్ తలుపు తీస్తే వెలిగే బల్బు ముందే విప్పేసి ఉంది, కూరలు సన్నని వేడి మీద మూతలు పెట్టి ఉన్నాయి. బల్ల మీద గుడ్డ కప్పిన రెండు అల్లిన రొట్టెలు. రెండెందుకంటే మన్నా ఆరో రోజున రెట్టింపు దొరికేది కాబట్టి. ఆయన కొడుకు తల మీద చేతులు పెట్టి ఎఫ్రాయిమువలె, మనష్షేవలె దేవుడు నిన్ను చేయుగాక అన్నారు, ఆదికాండము 48లో యాకోబు మనవళ్ళను దీవించిన మాట, ఇప్పటికీ ప్రతి శుక్రవారం తండ్రుల నోట అదే. ఆడపిల్లను శారా, రిబ్కా, రాహేలు, లేయాల పేర్లు చెప్పి దీవించారు. తర్వాత ద్రాక్షారసం మీద ప్రార్థన, చేతులు కడుక్కుని రొట్టె విరిచేదాకా ఎవరూ మాట్లాడరు, విరిచి ఉప్పులో అద్ది అందరికీ పంచుతారు. ఆ తర్వాత పాటలు, వాదాలు, నవ్వులు, రాత్రి పది దాటింది.

శనివారం పొద్దున రారిటన్ అవెన్యూ పక్క వీధుల్లో చూడాలి. కుటుంబాలకు కుటుంబాలు నడుస్తుంటాయి, పసిపిల్లల బండ్లు తోసుకుంటూ. ఆ బండి తొయ్యడానికీ ఒక ఏర్పాటుంది. ఇంట్లోంచి వీధిలోకి వస్తువు మోసుకెళ్ళడం ఆ రోజు మానాల్సిన పనుల్లో ఒకటి, తాళంచెవి కూడా. అందుకని పేట మొత్తాన్ని ఒక్క ఇల్లులా చూడడానికి చుట్టూ హద్దు కడతారు, దాన్ని ఎరూవ్ అంటారు. చాలా చోట్ల కరెంటు స్తంభాల తీగలే ఆ హద్దు, స్తంభానికి నిలువుగా అంటించిన సన్నని ప్లాస్టిక్ పట్టీ చూపిస్తే తప్ప కంటపడదు. ప్రతి వారం ఎవరో ఒకరు చుట్టూ తిరిగి ఎక్కడా తెగలేదని చూసుకోవాలి. ఎరూవ్ లేని ఊళ్ళలో తాళంచెవినే బెల్టు కొక్కెంగా చేయించుకుని "తొడుక్కుని" వెళ్తారు.

మందిరంలో మూడు గంటలు. ధర్మశాస్త్రాన్ని, అంటే బైబిల్ మొదటి ఐదు పుస్తకాలను, 54 భాగాలు చేసుకున్నారు, వారానికొకటి, అప్పుడప్పుడు రెండు కలిపి, ఏడాదికి పూర్తి. ఆ వారం భాగానికి ఏడుగురిని ఒక్కొక్కరినే పిలుస్తారు. ధర్మశాస్త్రపు గ్రంథపుచుట్ట విప్పి చదవాలంటే కనీసం పదిమంది ఉండాలి, నిష్ఠ ఎక్కువ ఉన్నచోట పదిమంది మగవాళ్ళు. మంచు కురిసిన రోజు తొమ్మిది మందే వస్తే పదోవాడి నడక కోసం అందరూ ఎదురుచూస్తారు. ప్రార్థన అయ్యాక అక్కడే ఏదో ఒకటి తింటారు, తర్వాత ఒకరింటికి ఒకరు భోజనాలకు. ఫోన్లు ఉండవు కాబట్టి సాయంత్రం ఎవరినైనా చూడాలంటే చెప్పాపెట్టకుండా వెళ్ళి తలుపు తట్టడమే. నా చిన్నప్పుడు మా ఊళ్ళో మధ్యాహ్నాలు ఇలాగే గడిచేవి. ఆకాశంలో మూడు చుక్కలు కనబడ్డాక అల్లిన కొవ్వొత్తి, సుగంధ ద్రవ్యాలు, ద్రాక్షారసంతో రోజును సాగనంపుతారు.

వ్యాఖ్య: మా అమ్మమ్మ వాళ్ళు అడ్వెంటిస్టులు, శనివారమే ఆచరిస్తారు, "సబ్బాతు" అనే అంటారు. విశ్రాంతిదినము అంటే ఏదో పడుకునే రోజులా ఉంటుందని మా తాతయ్య అనేవారు. సరైనదేనా సార్?

జవాబు: మీ తాతయ్యగారు గట్టి మాట పట్టుకున్నారమ్మా. సబ్బాతు హీబ్రూ మాట, దాని ధాతువుకు అసలు అర్థం ఆపడం, మానడం. మనకు దానికి దగ్గరి మాట "విరమణ", ఉద్యోగ విరమణలో ఉన్నదే. అలసట తీర్చుకోవడం ముఖ్యమైతే ఎండలో గుట్ట ఎక్కి మందిరానికి వెళ్ళడం తప్పవ్వాలి, స్విచ్ నొక్కడం ఒప్పవ్వాలి. జరిగేది దానికి తలకిందులు. యూదుల పాత నియమాల గ్రంథం మిష్నాలో ఆ రోజు చెయ్యకూడని 39 రకాల పనుల పట్టిక ఉంది: దున్నడం, విత్తడం, కోయడం, పిండి పిసకడం, నేయడం, రెండక్షరాలు రాయడం, నిప్పు పెట్టడం, ఆర్పడం... అన్నీ మనిషి లోకంలో ఏదో ఒకటి తయారు చేసే పనులు, లేదా దాన్ని మార్చేవి. అవి ఆపాలి. అయినా నేను "విశ్రాంతిదినము"నే వాడతాను, మన జనానికి వందేళ్ళకు పైగా అలవాటైన మాట, పైగా ఆదికాండము రెండో అధ్యాయంలో "విశ్రమించెను" అని ఉన్న దానితో నేరుగా ముడిపడుతుంది.

వ్యాఖ్య: ముంబయి నుంచి రాస్తున్నాను అన్నా. ఇక్కడి బెనే ఇశ్రాయేల్ యూదుల్ని కొంకణ్‌లో పూర్వం "శనివార్ తేలీ" అనేవారట.

జవాబు: అవును తమ్ముడూ, మంచి గుర్తు చేశావు. వాళ్ళు కొంకణ పల్లెల్లో గానుగ ఆడించి నూనె తీసేవాళ్ళు. ఊరికి వాళ్ళ గ్రంథం తెలియదు, భాష తెలియదు, తెలిసింది ఒక్కటే, శనివారం వీళ్ళ గానుగ తిరగదని. పేరు అలా పడింది. తేలీ అంటే మన ఉత్తరాంధ్రలో తెలికలవాళ్ళు అంటామే, అదే కులవృత్తి మాట. వాళ్ళే తర్వాత ముంబయి వచ్చి 1796లో మొదటి సమాజమందిరం కట్టుకున్నారు.

వ్యాఖ్య: గుంటూరు వైపు యూదులున్నారని విన్నాను, నిజమేనా? వాళ్ళు ఏమంటారు ఈ రోజుని?

జవాబు: చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నారండీ, తమను బెనే ఎఫ్రాయిము అని చెప్పుకుంటారు, ఎఫ్రాయిము సంతతి అని. పైన దీవెనలో వచ్చిన పేరే. 1990ల మొదట్లో చిన్న సమాజమందిరం కట్టుకున్నారు, శనివారం కూడతారు, హీబ్రూ నేర్చుకుంటూ తెలుగులో కూడా ప్రార్థిస్తారు. ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్ళు, రోజు కూలి మీద బతికేవాళ్ళూ ఉన్నారు. ఒక్కసారి లెక్క వెయ్యండి: హైలాండ్ పార్క్‌లో శుక్రవారం మూడింటికి లేచే ఇంజనీరుకు జీతం తగ్గదు. పొలం పనికి వెళ్ళే మనిషి శనివారం ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే, నాట్ల కాలంలో ఐతే మళ్ళీ పిలుస్తారో లేదో కూడా. ద్వితీయోపదేశకాండము 5లో ఈ ఆజ్ఞకు చెప్పిన కారణం సృష్టి కాదు, నీవు ఐగుప్తులో దాసుడవైయుంటివి అని. నీ దాసుడు, నీ దాసి కూడా నీలాగే ఆగాలి అని. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివినా కొత్తరెడ్డిపాలెం గుర్తొస్తుంది.

వ్యాఖ్య: 2000 మూరల అవతల చుట్టాలుంటే ఇంక అంతేనా మాస్టారూ?

జవాబు: దానికీ దారి ఉంది. శుక్రవారమే వెళ్ళి ఆ హద్దు దగ్గర రెండు పూటల తిండి పెట్టి రావాలి. అన్నం ఉన్నచోటే ఆ మనిషి చోటు అని లెక్క, కాబట్టి 2000 మూరలు అక్కడి నుంచి మళ్ళీ మొదలు. ఐతే అటు పెరిగినంతా ఇటు తగ్గుతుంది, ఊరికి రెండో పక్కకు అంత దూరం వెళ్ళకూడదు. ఇంకో సంగతి, అందరూ ఇంత నిష్ఠగా ఉండరు. అమెరికాలో యూదుల్లోనే అంత నిష్ఠ పట్టని కన్సర్వేటివ్ శాఖ పండితులు 1950లో మందిరానికి కారులో రావచ్చని ఒప్పుకున్నారు, ఇల్లు దూరమై అసలు రాకపోవడం కంటే అది మేలని. ఆ తీర్పు మీద వాళ్ళలో వాళ్ళకే ఇప్పటికీ వాదన ఉంది, కారు వచ్చాక జనం మందిరానికి దూరంగా చెదిరిపోయారని కొందరి బాధ.

గ్రూపులో ఎవరి దగ్గరైనా పాత ముద్రణ తెలుగు కొత్త నిబంధన, తాతల నాటిది, ఉంటే ఈ 12వ వచనం ఉన్న పేజీ ఫోటో తీసి పెట్టండి. "నడవదగినంత" మొదటి నుంచీ ఉందా, తర్వాత దిద్దినప్పుడు వచ్చిందా చూద్దాం.