ఎండలు ఇలా మండుతుంటే పిల్లల్ని కనడం తప్పా?

కొత్త_కాపురం (హైదరాబాద్):
పెళ్లయి మూడేళ్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఆయనకి పిల్లలు కావాలని ఉంది, నాకేమో భయం. మార్చి నుంచే వడగాడ్పులు. 2020 అక్టోబర్ వానలకి మా కాలనీలో పడవలు తిరిగాయి. ఇలాంటి లోకంలోకి ఒక ప్రాణాన్ని తీసుకురావడం సబబేనా? ఇదే మాట అత్తగారితో అంటే "అంత వేడిగా ఉంటే ఇంకో ఏసీ పెట్టించుకోండమ్మా" అన్నారు. తెలిసినవాళ్లు కాస్త సీరియస్‌గా చెప్పండి.

లెక్కల_పిచ్చోడు:
దీని మీద 2017లో ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టారు. ఒక బిడ్డను తక్కువ కంటే భూమిని వేడెక్కించే ఉద్గారాలు ఏడాదికి 58.6 టన్నులు తగ్గుతాయట. కారు పూర్తిగా మానేసినా తగ్గేది 2.4 టన్నులే. ఇంక చర్చ ఎందుకు? నా ఓటు వద్దనే.

బీచ్‌రోడ్డు_బాబాయి (విశాఖ):
అమ్మా, సీరియస్‌గా చెప్పమన్నావు. అది నా వల్ల కాదు. నలభై ఏళ్లు సీరియస్‌గానే చెప్పాను, ఒక్కరూ వినలేదు. రిటైరయ్యాక జోకులు మొదలుపెడితే పెళ్లిళ్లలో పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు.

నాకు ఇద్దరు పిల్లలు. చిన్నప్పుడు ఇద్దరినీ చంకనేసుకుని పర్యావరణ ధర్నాలకి తిప్పాను. పెద్దాడు ఇప్పుడు ఏసీల డీలరు. మే నెలలో నా ఫోన్ ఎత్తడు, సీజన్ కదా! అమ్మాయి టెక్సస్‌లో ఉంటుంది. పాల ప్యాకెట్ తేవాలన్నా లారీ అంత బండి బయటికి తీస్తుంది. కాబట్టి 'మన పిల్లలు పెద్దయ్యి భూమిని కాపాడతారు' అన్న ఆశతో మాత్రం కనకు. వారంటీ ఉండదు.

అలాగని లెక్క కోసం మానెయ్యమనీ చెప్పను, ఎందుకంటే లెక్కలు చెప్పేవాళ్ల మాట నిలకడగా ఉండదు. నా చిన్నప్పుడు ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం, 'ఇద్దరు లేక ముగ్గురు చాలు'. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. మా మేనమామ ఆ రోజుల్లో ప్రభుత్వ జీపు కనబడితే చాలు, చెరకు తోటలోకి దూరేవాడు. ఆయన అప్పటికింకా బ్రహ్మచారి. 1994లో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారని చట్టం చేశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడేమో కనండి బాబూ కనండి అని నాయకులే బతిమాలుతున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకి సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. సర్కారు చెప్పిందని ఆపేసినవాడూ, సర్కారు చెప్పిందని కన్నవాడూ చివరికి ఒకే పార్కు బెంచీ మీద కూర్చుంటారు. పలకరించడానికి ఏ మంత్రీ రాడు.

అనంత_రైతుబిడ్డ:
లెక్కల గారూ, ఆ 58.6 ఎలా వచ్చిందో చదివారా? అది సంపన్న దేశాల లెక్క. పైగా ఆ బిడ్డ ఒక్కడిదే కాదు. వాడి పిల్లలు, మనవలు, ముని మనవలు వదలబోయే పొగలో వాటా కూడా ఇప్పుడే మీ ఖాతాలో రాశారు. ఆ పొగ తరతరాలకీ ఇదే మోతాదులో ఉంటుందని అనుకుని మరీ రాశారు. మన దేశంలో మనిషికి ఏడాదికి సగటున రెండు టన్నులు, కాస్త అటూ ఇటూ. అమెరికాలో దాదాపు పద్నాలుగు. మా ఊళ్లో ముగ్గురు పిల్లలున్న కూలి కుటుంబానికి కరెంటు బిల్లు వందల్లో కూడా రాదు. పిల్లల్లేకుండా ఏటా విదేశాలకి ఎగిరి వచ్చే జంట భూమికి మేలు చేస్తోందని చెబితే మా నాన్న నవ్వుతాడు.

తొంభైతొమ్మిది_బ్యాచ్:
బాబాయి గారూ, బాగా నవ్వించారు. కానీ మీకు డెబ్భై దగ్గర పడినట్టుంది. ఇప్పుడు పుట్టే బిడ్డ నడివయసుకి వచ్చేసరికి ఉండే ఎండని మీరు చూడరు. 2015 మేలో రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. ఉపాధి పనికి వెళ్లిన మా తాతయ్య వాళ్లలో ఒకరు. మీ తరం అన్నీ వాడేసుకుని, ఇప్పుడు మా భయం మీద జోకులేస్తే ఎలా? వద్దనుకోవడం పిరికితనం కాదు.

బీచ్‌రోడ్డు_బాబాయి:
తాతయ్య గారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను నాయనా. నీ భయం మీద జోకు వెయ్యలేదు. ఆ భయానికి టన్నుల్లో ధర కట్టడం చూసి నవ్వొచ్చింది. ఎండ నేను చూడనన్నావు, నిజమే. భారత్ 2070కల్లా నెట్ జీరో అవుతుందని, అంటే గాల్లోకి వదిలే పొగ లెక్క సున్నాకి తెస్తామని, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాటిచ్చారు. ఆ టార్గెట్ నేను చాలా ముందే అందుకుంటాను.

పిల్లలు వద్దనుకుంటే మానెయ్, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నిద్ర చాలదనో, డబ్బు చాలదనో, ఇష్టం లేదనో చెప్పు, సరిపోతుంది. భూమి కోసం త్యాగం చేశానని మాత్రం అనకు. రేపు ఆ త్యాగానికి ఫలితం కనబడకపోతే భూమి మీదే కోపం వస్తుంది. ఇలాంటి త్యాగమూర్తులు మా ఉద్యమంలోనే ఉండేవాళ్లు, మీటింగుల్లో వాళ్ల పక్కన కూర్చోవడం కష్టం. కావాలనుకుంటే కను. కానీ కాన్పు గదిలోనే బిడ్డ చేతికి లోకాన్ని ఉద్ధరించే డ్యూటీ ఆర్డర్ పెట్టకు. నేను పెట్టాను కాబట్టే మావాడు ఏసీలు అమ్ముతున్నాడని మా ఆవిడ థియరీ.

మీ తరం ఏం చేసిందన్నావు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల చిత్తడినేలలో థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు తిరగబడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్లాంటు మాత్రం రాలేదు. అది బడిపిల్లలకి వ్యాసరచన పోటీ పెడితే జరిగిన పని కాదు. పిల్లలున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి రోడ్డెక్కితే జరిగింది. ఇలాంటి ప్రాజెక్టులకి ఇప్పటికీ ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అక్కడ మైకు దగ్గర నీకు పిల్లలెందరని ఎవరూ అడగరు. భోజనం ప్యాకెట్లు మాత్రం ముందే అయిపోతాయి, తొందరగా వెళ్లు.

తొంభైతొమ్మిది_బ్యాచ్:
వెళ్తాను. మైకు దగ్గర మాట్లాడతాను కూడా. కానీ నా నిర్ణయం మారదు బాబాయి గారూ. ఇష్టం లేకపోవడం, భయం రెండూ విడివిడిగా ఉండవు. మీకు తేడా తెలిసినంత తేలిగ్గా మాకు తెలియడం లేదు.

కొత్త_కాపురం:
నాకూ అక్కడే ఆగిపోయింది. భయం తీసేస్తే కావాలనే అనిపిస్తుందా అని నన్ను నేను అడుగుతున్నాను, జవాబు రావట్లేదు. లెక్కల గారూ, మీరు ఒక్కరే అంత ధైర్యంగా వద్దన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లని ఎలా ఒప్పించారో చెప్తారా?

లెక్కల_పిచ్చోడు:
మన దేశం అంకె వేసుకున్నా సున్నా అయితే రాదు కదా, కాబట్టి నా ఓటు అదే. ఒప్పించడం అంటారా... నాకింకా సంబంధాలు చూస్తున్నారండి.