2008 టాటా 2515 ఆయిల్ తాగుతోంది, ఇంజిన్ విప్పించాలా, అమ్మేయాలా?

తెనాలి_పదిటైర్లు
అన్నలందరికీ నమస్తే. బండి 2008 మోడల్ టాటా 2515, కమిన్స్ 5.9 ఇంజిన్. నాన్న కొన్నది, ఇప్పుడు నేనే తోలుకుంటున్నా, ఫైనాన్స్ ఏమీ లేదు. ఆరు నెలల్నుంచి ఆయిల్ తాగుతోంది. గుంటూరులో మిర్చి ఎత్తి చెన్నైలో దించి తిరిగొచ్చేసరికి నాలుగు లీటర్లు పొయ్యాల్సొస్తోంది. కింద ఎక్కడా కారట్లేదు, పికప్ బానే ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలం పొగ, తర్వాత లోడ్ మీద పెద్దగా కనపడదు. ఆటోనగర్‌లో మేస్త్రి విప్పకుండానే ఫుల్ ఇంజిన్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి చెయ్యాలన్నాడు, లక్షా ఎనభై వేలంట. ఇంట్లోవాళ్ళు అమ్మేయమంటున్నారు. ఏం చెయ్యను?

ముప్పైఏళ్ళ_మేస్త్రి
తమ్ముడూ, విప్పకముందు మూడు చూసుకో. ఎయిర్ ట్యాంక్ కింద డ్రెయిన్ తీసి చూడు, నీళ్ళొస్తే మామూలే, నల్లగా ఆయిల్ వస్తే మాత్రం బ్రేకులకి గాలి కొట్టే కంప్రెసర్ రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ని గాలితో పాటు ట్యాంకులోకి తోస్తోందని అర్థం. తర్వాత ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పోయే హోస్ ఊడదీసి లోపల వేలు పెట్టి చూడు, కొద్దిగా జిడ్డుంటే పర్లేదు, ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బో సీల్ పోయినట్టు. చివర్న బండి బాగా వేడెక్కాక ఇంజిన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ పైపు దగ్గర చెయ్యి పెట్టు, గాలి గుప్పుగుప్పున తంతుంటే అప్పుడు పిస్టన్ రింగులూ సిలిండర్ బోరూ అరిగినట్టు. పొద్దున పూట నీలం పొగ అన్నావు, అది వాల్వ్ సీల్స్ కావచ్చు, హెడ్ దించితే అయిపోతుంది. ఇవేమీ చూడకుండా ఫుల్ ఇంజిన్ అన్నవాడి దగ్గర బండి పెట్టకు.

ఒంగోలు_రోడ్‌లైన్స్
నా మాట విను బాబూ, అమ్మెయ్. నాలుగు లీటర్లంటే ట్రిప్పుకి 1400, నెలకి ఆరు ట్రిప్పులు, ఏడాదికి లక్ష రూపాయలు పొగలో పోతోంది. 15 ఏళ్ళు దాటిన బండికి 2022 ఏప్రిల్ నుంచి ఫిట్‌నెస్ ఫీజు ఎంత పెరిగిందో నీకే తెలుసు, అదీ ఏటేటా. స్క్రాప్‌కిస్తే బండి అప్పజెప్పినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ అనే కాగితం ఇస్తారు, దాంతో కొత్త లారీకి రోడ్ ట్యాక్స్‌లో 15 శాతం దాకా తగ్గుతుంది.

మిర్యాలగూడ_బియ్యంబండి
అన్నా ఆగమాగం గాకు, ముందు మేస్త్రి చెప్పిన ట్యాంక్ చూడు. మా బండిది గట్లనే అయ్యింది, కంప్రెసర్ కిట్టు ఏపిస్తే బందయ్యింది.

బెజవాడ_బాడీబిల్డర్
సిలిండర్ లోపల ఉండే గొట్టాలు, అదే లైనర్లు, పిస్టన్ సెట్టు మార్చి హాఫ్ ఇంజిన్ చేయించు, 90 వేలల్లో అయిపోద్ది.

ముప్పైఏళ్ళ_మేస్త్రి
ఏం లైనర్లండీ? కమిన్స్ 5.9కి కంపెనీ నుంచి లైనర్ ఉండదు, బ్లాక్‌లోనే బోరు. అరిగితే బోరింగ్ చేయించి అర మిల్లీ ఓవర్‌సైజ్ పిస్టన్ వెయ్యాలి, లేదా బోరులో స్లీవ్ అనే గొట్టం కొట్టించాలి. అరిగిన బోరులో కొత్త రింగులేసి ఇచ్చేస్తారు చూడండి, ఆ పని వల్లే మూడు నెలలకే మళ్ళీ ఆయిల్ తాగేది.

ఒంగోలు_రోడ్‌లైన్స్
మీ మేస్త్రీలకి బండి బతికుంటేనే కదా బతుకు. నాలుగు రోజుల్నుంచి కంప్రెసర్ కంప్రెసర్ అని ఒకటే జపం. సరే, కంప్రెసరే అనుకుందాం. తర్వాత పంపు, ఆ తర్వాత గేర్‌బాక్స్, ఆ తర్వాత హౌసింగ్. ఎక్కడ ఆగుతుంది?

ముప్పైఏళ్ళ_మేస్త్రి
నేను ఆ అబ్బాయిని ఒక్క రూపాయి అడగలేదు, నా షెడ్డుకి రమ్మనలేదు. ట్యాంక్ డ్రెయిన్ తియ్యమన్నా, అంతే. దానికి మీకు ఇంత కోపమెందుకు?

కాకినాడ_ట్యాంకర్
పెద్దలు శాంతించండి. తెనాలి తమ్ముడూ, టర్బో మాత్రం అశ్రద్ధ చెయ్యకు. సీల్ పూర్తిగా పోతే ఇంజిన్ ఆ ఆయిల్ మీదే లేచిపోతుంది, కీ ఆఫ్ చేసినా ఆగదు.

ఒంగోలు_రోడ్‌లైన్స్
కోపమెందుకో చెప్తా. మా నాన్న ఒకే బండికి ఆరేళ్ళలో మూడుసార్లు హాఫ్ ఇంజిన్ చేయించాడు. ప్రతిసారీ ఇదే మాట, ఈ ఒక్కసారి చేయిస్తే ఐదేళ్ళు చూడక్కర్లేదని. మూడోసారికి ఎకరం చేను అమ్మాడు. బండి మీద మమకారం, ఇంకేం లేదు. ఈ అబ్బాయి "నాన్న కొన్నది" అని రాయగానే నాకు అదే గుర్తొచ్చింది. అందుకే అమ్మేయమంటున్నా, ఇంజిన్ సంగతి నాకు తెలియక కాదు.

ముప్పైఏళ్ళ_మేస్త్రి
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, ఆ పని చేసినవాళ్ళని నేను వెనకేసుకు రాను. నాదీ వినండి. మా అబ్బాయి నేను వద్దన్నా పాత బండి అమ్మేసి కొత్త బీఎస్6 లారీ తీసుకున్నాడు, నెలకి 62 వేలు కిస్తీ. కిరాయిలు పడిపోయి మూడు నెలలు కట్టలేకపోతే టోల్ గేట్ దగ్గర బండి ఆపి తాళాలు లాక్కుని పోయారు. లోడ్ రోడ్డు మీదే ఉంది, పార్టీకి మేమే జవాబు చెప్పుకున్నాం. ఏడాదికి లక్ష ఆయిల్ అంటున్నారు, రెండు కిస్తీలు కూడా కాదది. కిస్తీ లేని బండికి కిరాయి లేకపోతే ఇంటి ముందు పెట్టుకుని పడుకోవచ్చు. ఆ నిద్ర విలువ మాకు తెలుసు.

ఒంగోలు_రోడ్‌లైన్స్
కొత్తదే కొనమని కాదండీ. అమ్మేసి వేరే బండికి డ్రైవర్‌గా వెళ్ళినా పర్లేదు, చేనైతే మిగులుతుంది అంటున్నా.

ముప్పైఏళ్ళ_మేస్త్రి
ఓనరుగా ఉన్నవాణ్ణి డ్రైవర్‌గా వెళ్ళమనడం తేలికైన మాట కాదు. అక్కడే మీకూ నాకూ కుదరదు.

తెనాలి_పదిటైర్లు
అన్నా, బాబాయ్, మీరిద్దరూ నా గురించి అంత ఆలోచించినందుకు దణ్ణం. రాత్రి బండి ఖాళీ అయ్యాక డ్రెయిన్ తీశా. టీ గ్లాసుడు నల్ల ఆయిల్ వచ్చింది. హోస్ లోపల జిడ్డు తప్ప ఏం లేదు. బ్రీదర్ దగ్గర కొంచెం గాలి ఉంది, తన్నేంత లేదు. మాకు చేను లేదన్నా, అమ్ముకోవడానికి ఉన్నది ఈ బండే. అప్పు చేసి మాత్రం ఫుల్ ఇంజిన్ చేయించను, అది ఒంగోలు అన్న మాట. ముందు కంప్రెసర్ చేయించి రెండు ట్రిప్పులు లీటరుతో కొలిచి పోస్తా.

ఒంగోలు_రోడ్‌లైన్స్
మంచిది. ఆ తర్వాత కూడా ట్రిప్పుకి రెండు లీటర్లు దాటితే ఇంకో పైసా పెట్టకు. లెక్క ఇక్కడ రాయి, నేను చూస్తుంటా.

ముప్పైఏళ్ళ_మేస్త్రి
కంప్రెసర్ నుంచి ట్యాంక్‌కి పోయే డెలివరీ పైపు కూడా ఊడదీయించు, లోపల మసి గడ్డకట్టి ఉంటుంది. అది తియ్యకుండా కొత్త రింగులేస్తే అవీ త్వరగా పోతాయి. బ్రేక్ రబ్బర్లు ఆయిల్‌కి ఉబ్బాయేమో దగ్గరుండి చూసుకో, మిర్చి బండి ఆగాల్సిన చోట ఆగాలి.