30 ఆవులకు ఒకే ఆబోతు: సంకరమా, శుద్ధజాతా?

దొడ్డివాకిలి:
దక్షిణ టెక్సాస్‌లో మాంసపు మంద. 30 టైగర్ స్ట్రైప్ ఆవులు, అంటే సగం హెర్‌ఫర్డ్, సగం బ్రాహ్మన్ (ఎండకు ఓర్చే మూపురం జాతి). ఒక్క ఆబోతుకే చోటుంది, మంచి పెయ్యల్ని మందకే ఉంచుకోవాలి. సిమెంటల్, యాంగస్ చెరిసగం ఉన్న సిమ్‌యాంగస్ ఆబోతు వేద్దామంటే, "సంకరానికి పుట్టినవి తలో రకంగా వస్తాయి" అంటున్నారు. నిజమేనా?

పశుగణితం:
బరువుల విషయంలో ఆ మాట నిలవదండీ. నెబ్రాస్కా క్లే సెంటర్ పరిశోధన కేంద్రంలో మిశ్రమ జాతుల్ని తరాల తరబడి పెంచి చూశారు. హెచ్చుతగ్గులు దాదాపు శుద్ధజాతుల్లో ఉన్నంతే ఉన్నాయి. తలో రకంగా వచ్చేవి రంగూ కొమ్ములే. నలుపు జన్యువూ బోడితనపు జన్యువూ రెండేసి ప్రతులు ఉన్నాయని, రంగు పలచబరిచే జన్యువు లేదని జన్యు పరీక్ష కాగితం చూసి కొనండి.

ముందు చూడాల్సింది, ఆవుల్లో ఉన్న జాతి ఆబోతులో ఎంత ఉందని. రెండువైపులా ఉన్న జాతి వాటాల్ని గుణించి, కూడి, ఒకటిలోంచి తీసేయండి. మిగిలిందే దూడలో సంకర తేజం, అంటే వేర్వేరు జాతులు కలిస్తే అదనంగా వచ్చే సత్తువ (హెటరోసిస్). మీ ఆవులకు శుద్ధ హెర్‌ఫర్డ్ వేస్తే 50 శాతమే. బ్రాంగస్‌లో బ్రాహ్మన్ 3/8, యాంగస్ 5/8. మీ ఆవుల్లో బ్రాహ్మన్ 1/2. గుణిస్తే 3/16 పోయి 81 శాతం మిగులుతుంది. సిమ్‌యాంగస్‌తో కలిసే జాతే లేదు, పూర్తి 100. ఆ పెయ్యలకు మళ్లీ సిమ్‌యాంగస్ వేస్తే 75.

ఇదంతా ఎందుకంటే, నెబ్రాస్కాలోనే హెర్‌ఫర్డ్, యాంగస్, షార్ట్‌హార్న్ సంకరాల్లో, దాటించిన ఒక్కో ఆవుకు పాలు మాన్పించేనాటి దూడ బరువు సుమారు 23 శాతం పెరిగింది. అందులో పెద్ద వాటా సంకర తల్లిదే. పెయ్యల్ని ఉంచుకునేవాళ్లు అందుకే రెండో తరం లెక్క కూడా ఇప్పుడే వేసుకోవాలి.

మూపురం:
లెక్క సరే, ఎండ మాటేమిటి? సిమ్‌యాంగస్ దూడలో బ్రాహ్మన్ 25 శాతానికి దిగుతుంది. ఆ పెయ్యలకు మళ్లీ అదే జాతి వేస్తే 12.5. జూలైలో అలాంటివి మేత మానేసి నీడ పట్టుకుంటాయి, పిడుదులకూ తట్టుకోలేవు. బ్రాహ్మన్‌లో మన ఒంగోలు రక్తం కూడా ఉంది, ఆ ఓర్పును చేజేతులా పోగొట్టుకోకండి.

అలాగని ఇప్పుడే బ్రాంగస్ వేస్తే దూడలో 44 శాతం దాకా వస్తుంది. పెద్ద చెవులూ మూపురం కనిపిస్తే సంతలో ధర కోస్తారు. మూపురం రెండంగుళాలు దాటితే మాంసానికి సర్టిఫైడ్ యాంగస్ అనే నాణ్యత ముద్ర కూడా పడదు.

పశుగణితం:
మూపురం గారూ, మంచి మాట. అయితే మొదట సిమ్‌యాంగస్, ఆ పెయ్యలకు బ్రాంగస్. తేజం అప్పుడూ 75 శాతమే, బ్రాహ్మన్ మాత్రం 31కి తిరిగొస్తుంది.

పశువైద్యం_టెక్సాస్:
30 ఆవులకు ఏడాది కోడె చాలదు. చిన్న వయసులో ఎన్ని నెలలుంటే అన్ని ఆవులు, రెండేళ్లు దాటాక 25 నుంచి 30. సంకర కోడె త్వరగా ఈడుకొస్తుందని పరీక్ష మానకండి. వృషణాల చుట్టుకొలత 15 నెలల దాకా కనీసం 30 సెంటీమీటర్లు, రెండేళ్లు దాటితే 34. వీర్యకణాల్లో ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 70 శాతం తగ్గకూడదు.

కొలిచేటప్పుడు వృషణాల్ని కిందికి నెట్టి, చర్మం ముడతలు పోయాక, బాగా లావున్న చోట టేపు చుట్టాలి. పట్టుకున్న బొటనవేలు రెంటి మధ్యకు దూరితే అవి విడిపోయి కొలత ఎక్కువ చూపిస్తుంది. కణం తయారవడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి, ఏప్రిల్‌లో జ్వరం తగిలిన ఆబోతు జూన్‌లో కూడా ఆవుల్ని ఖాళీగా వదిలేయొచ్చు. వదిలే ముందు 30 నుంచి 60 రోజుల్లో పరీక్ష చేయించండి. ఇదివరకు ఆవుల్ని దాటిన ఆబోతైతే ట్రైకోమోనియాసిస్ (దాటేటప్పుడు అంటుకుని చూలు పోగొట్టే జబ్బు) పరీక్ష తప్పనిసరి.

దొడ్డివాకిలి:
మరి దాన్ని ఎన్నాళ్లు ఉంచొచ్చు?

పశుగణితం:
రెండు సీజన్లు. మూడో సీజన్‌కల్లా దాని పెయ్యలు 15 నెలలకొచ్చి ఎదకొస్తాయి. అప్పటికి అది మందలో ఉండకూడదు. ఆ తొలిచూలు పెయ్యలకు మాత్రం పుట్టుక బరువు తక్కువున్న ఆబోతు వీర్యం సూదితో వేయించి, బ్రాంగస్‌ను రెండో ఈత నుంచి వదలండి.